గడ్డం కన్నా గాలే కత్తిని ఎక్కువ తింటుంది

మడత కత్తితో గడ్డం గీసుకోవాలని ముచ్చటపడి కొనుక్కున్నవాళ్లకి మొదటి వారమంతా ఒకటే భయం, ఎక్కడ తెగుతుందోనని. నిజానికి తెగేది తక్కువ. అంత వాడి వస్తువుని చెంపకి ఆనించాక చెయ్యి ఎవరూ చెప్పకుండానే నెమ్మదిస్తుంది. చిక్కు వచ్చేది మూడో వారంలో. మొదట్లో సర్రున తెగిన వెంట్రుకని ఇప్పుడు కత్తి పట్టుకు పీకుతున్నట్టుంటుంది. గీసుకున్నాక గంటసేపు మంట. "ఇది మన చేతికొచ్చే విద్య కాదులే" అనుకుని కత్తిని బీరువాలో పడేసి పాత రేజరు మళ్లీ బయటికి తీస్తారు.

చెయ్యి బాగానే ఉంది. పోయింది పదును. అదీ చెంప మీద పోలేదు, బాత్రూం గూట్లో పోయింది.

నేను చెప్పదలచుకున్నది ఇదే. గోదావరి డెల్టాలో ఉన్నవాళ్లు కత్తితో గడ్డం గీయడం కన్నా ముందు కత్తిని ఆరబెట్టడం, దాచడం నేర్చుకోవాలి. మనకి దొరికే పాఠాల్లో ఎక్కువభాగం చలిదేశాలవాళ్లు రాసుకున్నవి. వాటిలో తుప్పు సంగతి చివర్లో రెండు వాక్యాల్లో తేలిపోతుంది. అమలాపురంలోనో నరసాపురంలోనో యానాంలోనో ఉన్నవాడికి ఆ రెండు వాక్యాలే మొదటి పాఠం. అందుకని తలకిందులుగా చెబుతాను. ముందు తుప్పు, తర్వాత నీళ్లు, ఆ తర్వాత పదును నిలబెట్టే తోలు పట్టా. గడ్డం దాకా వెళ్లడానికి కాస్త ఓపిక పట్టాలి.

పేరు సంగతి ముందే తేల్చేద్దాం. దీన్ని కులం పేరు కలిపి పిలవడం మనకి అలవాటు. ఆ పేరుని తిట్టుగా వాడి వాడి మాటనే పాడుచేశాం. నాయీ బ్రాహ్మణుల్ని కించపరిచే మాటలు వాడకూడదని 2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉత్తర్వే ఇవ్వాల్సి వచ్చింది. నేను ఉత్త "కత్తి" అంటాను. అరచేతి మీద కత్తి లాగడం, తెగినచోట పటిక రుద్దడం, వెంట్రుక వాలు చూసి చెయ్యి తిప్పడం లాంటివి మన ఊళ్లలో తెలిశాయంటే, పంట నూర్పిళ్లప్పుడు తమ వాటాగా మేర ధాన్యం తీసుకుని ఏడాదంతా ఊరి గడ్డాలు చూసిన వాళ్ల పనిముట్ల పొదిలోంచి వచ్చినవే.

ఇంకోటి, ఇప్పుడు సెలూన్లో మీ గొంతు మీద ఆడే కత్తి ఇది కాదు. అది బ్లేడుని సగానికి విరిచి తొడిగే పట్టుకర్ర. ఒక మనిషికి ఒక సగం, గీయగానే పారేస్తారు. అలా మారడమే మంచిది. కంటికి కనపడని రక్తపు తడితో హెపటైటిస్ బి, సి లాంటివి ఒకరి నుంచి ఇంకొకరికి పాకుతాయి. అసలు కత్తిని పదిమంది మీద వాడే రోజులు పోవాల్సిందే. కత్తి ఇప్పుడు ఒక ఇంట్లో ఒక్క మొహానికి సంబంధించిన వస్తువు. అన్నదమ్ములైనా, తండ్రీకొడుకులైనా పంచుకోకూడదు.

సరే, తుప్పు.

కత్తి వాదర, అంటే తెగే అంచు, ఒక మైక్రాన్ కన్నా సన్నంగా ఉంటుంది. మిల్లీమీటరుని వెయ్యి ముక్కలు చేస్తే అందులో ఒక ముక్కకన్నా తక్కువ. కూరగాయల కత్తికి తుప్పు పడితే మచ్చ కనిపిస్తుంది, పీచు పెట్టి తోమేస్తాం. గడ్డం కత్తికి కంటికి కనపడే మచ్చ వచ్చేలోపే వాదర చివరి అంచు తినేసి ఉంటుంది. కత్తి తళతళలాడుతూనే ఉంటుంది, తెగదు. అందుకే ఎవరూ తుప్పుని అనుమానించరు, చేతిని అనుమానిస్తారు.

గాలిలో తేమ 60 శాతం దాటితే మామూలు ఉక్కు మీద తుప్పు వేగం అందుకుంటుంది. మన కోస్తాలో ఏడాదిలో చాలా రోజులు ఆ గీత దాటే ఉంటాం. సముద్రం దగ్గరపడేకొద్దీ గాలిలో ఉప్పు కలుస్తుంది. ఉప్పు తేమని పట్టి ఉంచుతుంది కాబట్టి అంతకన్నా తక్కువ తేమలో కూడా పని మొదలైపోతుంది. ఇక తలుపేసి వేడినీళ్లతో స్నానం చేసిన బాత్రూం గూడు సంగతి చెప్పనక్కర్లేదు.

గీసుకోవడం అవ్వగానే చేయాల్సింది ఇది. కత్తిని కుళాయి కింద మెల్లగా కడగండి. నీళ్లు వాదర మీద నుంచే జారాలి, తోక (కత్తి వెనక పిడికి బిగించిన సన్నటి ఉక్కు కాడ) దాటి పిడికి రెండు వైపులా ఉండే చిప్పల మధ్యలోకి పోకూడదు. పాత నూలు పంచె ముక్కతో వెన్ను, అంటే వాదరకి ఎదురుగా ఉండే మందపాటి అంచు, వైపు నుంచి వాదర వైపుకి అడ్డంగా తుడవండి. వాదర పొడుగునా గుడ్డని లాగితే గుడ్డా తెగుతుంది, వేలూ తెగుతుంది. అదే గుడ్డ అంచుని సన్నగా మడిచి రెండు చిప్పల సందులోంచి లాగండి. తుప్పు ఎప్పుడూ మొదలయ్యేది రివెట్ దగ్గర, ఆ చీకటి సందులోనే. తర్వాత నూలు పట్టీ మీద అయిదారు సార్లు లాగితే కంటికి కనపడని తడి కూడా పోతుంది. పట్టీ సంగతి కింద చెబుతాను. ఆపైన కత్తిని సగం తెరిచి అరగంట ఫ్యాను గాలికి వదిలేయండి. అప్పుడు మూయాలి. తడి కత్తిని గీసిన వెంటనే మూసేయడం అంటే తేమని లోపల పెట్టి తాళం వేయడం.

నూనె విషయంలో కోనసీమవాళ్లతో నాకు పేచీ ఉంది. ఇంట్లో కొబ్బరినూనె ఉండగా ఇంకోటి ఎందుకంటారు. ఏమీ లేనప్పుడు కొబ్బరినూనె నయమే. కానీ గానుగ నూనెలో కాస్త తడీ మడ్డీ ఉంటాయి, పుష్యమాసం పొద్దుటిపూట తెల్లగా గడ్డకట్టి కత్తి మీద పొక్కులు పొక్కులుగా నిలబడిపోతుంది. నువ్వుల నూనె ఇంకా అన్యాయం, నాలుగు రోజులకి జిగురు కడుతుంది. కుట్టుమిషనుకి వేసే నూనె చిన్న సీసా తెచ్చుకోండి. అది ఖనిజ నూనె, ముక్కిపోదు, జిగురెక్కదు. గుడ్డ మీద రెండు చుక్కలు వేసి కత్తి రెండు వైపులా తుడిస్తే చాలు, కారేలా పూయక్కర్లేదు. వారానికోసారి రివెట్ దగ్గర ఒక చుక్క. కత్తికి నూనె పూయాల్సింది వానాకాలంలో గీసిన ప్రతిసారీ, మిగతా రోజుల్లో రెండు రోజులకన్నా ఎక్కువ ముట్టుకోమనుకుంటే.

దాచే చోటు హాలులోనో పడగ్గదిలోనో ఉండాలి. తోలు సంచిలో మాత్రం వద్దు. చూడ్డానికి రాజసంగా ఉంటుంది కానీ తోలు తేమని పీల్చి కత్తికి అంటిపెడుతుంది. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్ పొట్లం. చెప్పుల డబ్బాలోంచి తీసిన పొట్లం అప్పటికే తేమంతా తాగేసి ఉంటుంది, దాన్ని నమ్ముకోవద్దు. రంగు మారే సిలికా జెల్ గింజలు కొనుక్కుంటే ఎప్పుడు వేడిచేసి ఆరబెట్టాలో అవే చెబుతాయి. పాత కత్తులు కొనేవాళ్లకి ఇంకో హెచ్చరిక. కొన్ని పాత కత్తుల పిడి సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్‌తో చేసింది. అది ముసలిదయ్యాక తనంతట తనే ఆమ్లపు ఆవిరి వదులుతుంది. ఆ పిడిలో మూసి ఉంచిన కత్తి సరిగ్గా పిడి తాకే మేరకే తుప్పు పట్టి ఉంటే పిడి మార్చడం తప్ప మందు లేదు. అలాంటి కత్తిని మిగతావాటితో ఒకే డబ్బాలో పెట్టకూడదు కూడా.

ఇంత గొడవెందుకు, స్టెయిన్‌లెస్ కత్తి కొంటే పోలేదా అంటే, చాలామటుకు పోతుంది. నిజం ఒప్పుకోవాలి. పదును పెట్టే రాయి మీద కాస్త ఎక్కువసేపు పడుతుందన్న ఒక్క కారణానికి కొందరు దాన్ని చిన్నచూపు చూస్తారు. ఏడాదికి రెండుసార్లు రాయి ముట్టుకునేవాడికి ఆ తేడాతో పనేముంది? సముద్రానికి పది మైళ్లలోపు ఉన్నవాళ్లకి నా ఓటు స్టెయిన్‌లెస్‌కే. కాకపోతే ఆ పేరు చూసి తడిగా వదిలేస్తే అదీ మచ్చపడుతుంది, ఆలస్యంగా పడుతుందంతే.

ఇప్పుడు నీళ్లు. డెల్టాలో ఒకే ఊళ్లో రెండు రకాల నీళ్లుంటాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటినుంచీ కాలవల్లో పారుతున్న గోదారి నీళ్లు ఒకటి, భూమిలోంచి తోడిన బోరు నీళ్లు ఇంకొకటి. అల్లవరం, కాట్రేనికోన వైపు, సముద్రపు అంచున ఉన్న ఊళ్లలో బోరు నీళ్లు నాలిక మీద పెడితేనే తెలిసిపోతాయి. వేసవిలో కాలవలు కట్టేశాక పంచాయతీ కుళాయిలోనూ తేడా వస్తుంది. ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెల్లటి తెట్టు కడతాయి. బ్రష్ ఎంత తిప్పినా నురుగు లేవదు, లేచినా నిమిషంలో చప్పున చల్లారిపోతుంది. నురుగు లేని చెంప మీద కత్తి జారదు, గీరుతుంది. పైగా ఉప్పునీళ్లు కత్తి మీద ఆరితే తుప్పుకి విత్తనం వేసినట్టే.

పరీక్ష చిన్నది. ఖాళీ మందు సీసాలో సగం నీళ్లు పోసి, గడ్డం సబ్బు గోరంత గీరి వేసి గట్టిగా కుదపండి. నురుగు దిట్టంగా నిలబడి కింద నీళ్లు తేటగా ఉంటే ఆ నీళ్లు పనికొస్తాయి. పాలవిరుగుడులా తేలితే పనికిరావు. అప్పుడు క్యాను నీళ్లు ఒక గ్లాసు పక్కన పెట్టుకోండి. బ్రష్ నానడానికి, నురుగుకి, చివర్లో కత్తి మీద పోసి ఉప్పు కడిగేయడానికి ఒక్క గ్లాసు సరిపోతుంది. మొహం ఏ నీళ్లతో కడుక్కున్నా నష్టం లేదు.

నురుగు ట్యూబులోంచి వచ్చినట్టే ఉంటుందనుకోవద్దు. క్రీము బాదంగింజంత. బ్రష్ రెండు నిమిషాలు నానబెట్టి, ఒకసారి విదిలించి, గిన్నెలో తిప్పుతూ నీళ్లు చుక్కలు చుక్కలుగా కలపాలి. మొత్తం మీద చెంచాడు పడుతుంది. ఒకటిన్నర నిమిషం తిప్పేసరికి బుడగలు పోయి పెరుగు మీగడలా మెరుపొస్తుంది. మెరవకుండా దూదిలా ఉంటే ఇంకా నీళ్లు తాగుతుంది. మనవాళ్లు చేసే తప్పు ఎక్కువగా ఇదే, దూదిలా గుట్టగా లేస్తే బాగా వచ్చిందనుకుంటారు. కత్తికి కావలసింది ఎత్తు కాదు, జారుడు.

తోలు దగ్గరికొద్దాం. రాయి మీద చేసేది నూరడం, తోలు మీద చేసేది లాగడం. నూరితే లోహం పోతుంది. లాగితే పోదు, వాదర చివర వంగిన అంచు నిటారుగా నిలబడుతుంది, పైన పట్టిన సన్నటి ఆక్సైడు పొర తుడుచుకుపోతుంది. గీసే ప్రతిసారీ ముందు లాగాలి. రాయి జోలికి నెలల తరబడి పోనక్కర్లేదు.

ఇలా లాగడానికి వాడే బయటి దేశాల పట్టాలకి ఒక వైపు తోలు, ఒక వైపు నార గుడ్డ ఉంటుంది. గుడ్డ వైపు కోసం మనం ఎక్కడికీ పోనక్కర్లేదు. పాత నవారు మంచం నవారు, నూలుది, రెండున్నర మూడు అంగుళాల వెడల్పు. సబ్బుతో ఉతికి, గంజి పెట్టకుండా ఇస్త్రీ చేస్తే దానికన్నా మంచి పట్టీ లేదు. ప్లాస్టిక్ నవారు వద్దు. తోలు వైపు చెట్టు బెరడుతో ఊనిన గేదె తోలు, అదే వెడల్పు, కత్తి ఆడే మేర కనీసం 16 అంగుళాలు. ప్యాంటు బెల్టు పనికిరాదు. వెడల్పు చాలదు, పైన రంగు పూత ఉంటుంది, కుట్టు ఉంటుంది, ఆ కుట్టు మీదికి వాదర ఎక్కిందంటే అయిపోయింది.

కిటికీ ఊచకి ఒక కొస కట్టి రెండో కొస ఎడమచేత్తో బిగించి పట్టుకోండి. కాస్త కూడా సడలకూడదు. పట్టా వేలాడితే తోలు వాదర చుట్టూ వంపు తిరిగి అంచుని గుండ్రం చేస్తుంది. కత్తిని తోలు మీద బల్లపరుపుగా పడుకోబెట్టండి, వెన్నూ వాదరా రెండూ తోలుకి తాకాలి. ఇప్పుడు వెన్ను ముందు, వాదర వెనక. అలా మీకు దూరంగా తోసి, చివర ఆగండి. ఆగాక కత్తి తోకని బొటనవేలు, చూపుడువేలు మధ్య దొర్లిస్తే వెన్ను తోలు మీదే ఉండి వాదర గాలిలో తిరిగి అవతలి వైపు పడుకుంటుంది. మళ్లీ వెన్ను ముందుగా మీ వైపుకి లాక్కోండి. పోవడం రావడం కలిపి ఒకటి. నవారు మీద 25, తోలు మీద 50.

పట్టాల మీద కనపడే గాట్లన్నీ ఆ తిప్పే చోటే పడతాయి. కత్తి ఆగకముందే తిప్పేస్తే వాదర తోలులోకి దిగుతుంది. సినిమాల్లో టపటపా కొట్టే వేగం ఈ జబ్బుకి మూలం. మొదటి నెల ఒక్కో లాగుడికి ఒక సెకను తీసుకోండి. బరువు వేయొద్దు, కత్తి తన బరువు తనే వేసుకుంటుంది. చెవి పెట్టి వినండి. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ ఒకే "స్‌స్‌" రావాలి. ఒకవైపు శబ్దం పలచబడిందంటే ఆ వైపు వెన్ను లేస్తోంది. వెన్ను ఒక్క మిల్లీమీటరు లేచినా ఆ పదును మీరే మొండిచేసుకున్నట్టు.

ఎందుకో చెప్పాలి, ఎందుకంటే ఈ ఒక్క సంగతి అర్థమైతే కత్తి మొత్తం అర్థమవుతుంది. వంటింటి కత్తికి ఎంత ఏటవాలుగా నూరాలో మన చెయ్యి నిర్ణయిస్తుంది. గడ్డం కత్తికి ఆ పని చేసినవాడు ముందే చేసేసి వెన్నులో దాచిపెట్టాడు. వెన్ను మందం 5 మిల్లీమీటర్లు, వెన్ను నుంచి వాదరకి 18 మిల్లీమీటర్లు అనుకోండి. కత్తిని బల్లపరుపుగా పెట్టి రెండు వైపులా నూరితే వాదర దగ్గర వచ్చే కోణం దాదాపు 16 డిగ్రీలు. ప్రతిసారీ అంతే వస్తుంది, గుడ్డివాడు నూరినా. వెన్ను ఎత్తామా, ఆ లెక్క పోయింది.

అందుకే "కత్తులకి సాన" అని కేకేస్తూ వీధిలోకి వచ్చే చక్రం సానకి దీన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వొద్దు. ఆయన కొడవలికి, కత్తిపీటకి దేవుడు. గడ్డం కత్తిని మాత్రం వెన్నెత్తి చక్రానికి ఆనిస్తాడు, నిప్పురవ్వలు లేస్తాయి, ఉల్లిపొరంత సన్నటి ఉక్కు క్షణంలో కాగిపోతుంది. ఎక్కడైనా నీలం రంగు తిరిగిందంటే అక్కడ ఉక్కు గట్టితనం చచ్చిపోయినట్టే, ఇక ఏ రాయీ దాన్ని బతికించలేదు. వంటింటి సానరాయి కూడా దీనికి గరుకే.

కొనేటప్పుడు చూడాల్సినవి కొన్నే. వెడల్పు అయిదు బై ఎనిమిది లేదా ఆరు బై ఎనిమిది అంగుళాలు, కొస గుండ్రంగా. చదరపు కొస చెవి కింద తెలియకుండా గుచ్చుతుంది. కత్తిని కిటికీ అద్దం మీద పడుకోబెట్టి రెండు మూలలూ వేలితో నొక్కండి, ఊగితే వంకర ఉంది. నెమలీకలు చెక్కిన ఇత్తడి పిడి, అలలు అలలుగా రంగు తేలిన ఉక్కు అని ఆన్‌లైన్లో చవగ్గా అమ్మేవి ఈ పరీక్షలో సాధారణంగా నిలబడవు, అవి గోడకి తగిలించుకునే బొమ్మలు. జర్మనీలో జోలింగెన్, ఇంగ్లండ్‌లో షెఫీల్డ్, ఫ్రాన్స్‌లో తియేర్ ఊళ్ల పాత కత్తులు దొరికితే వాదర మీద తుప్పు గుంటలు లేవని, వాదర మధ్యలో లోపలికి వంగలేదని చూసుకుని నిర్భయంగా కొనండి. కొత్తదైనా పాతదైనా అమ్మేవాణ్ణి ఒకే మాట అడగండి, గీసుకోవడానికి తయారుగా నూరి ఇస్తాడా లేదా. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పదును చాలాసార్లు గడ్డానికి చాలదు.

సగం బ్లేడు కత్తితో మొదలుపెట్టి తర్వాత అసలు కత్తికి రమ్మని చాలామంది సలహా. ఖర్చు తక్కువ, నూరడం లేదు, తోలు లేదు. నేను ఒప్పుకోను. ఆ బ్లేడు పలచన, బరువు లేదు, మూలలు సూదిలా ఉంటాయి. చెంప మీద ఏ కోణంలో ఉన్నామో చేతికి కబురు రాదు, తెగాకే తెలుస్తుంది. దానితో నేర్చుకున్నవాడు గాలిలో తేలినట్టు గీయడం అలవాటు చేసుకుంటాడు. అసలు కత్తిని అలా పడితే చెంప మీద నిలకడగా ఆనదు. నూరే పనే వద్దనుకునేవాళ్లకి జీవితాంతం సగం బ్లేడే మంచిది, అందులో చిన్నతనం ఏమీ లేదు. అసలు కత్తికి మెట్టుగా మాత్రం అది పనికిరాదు.

ఇక చెంప. స్నానం అయ్యాక, నురుగు పెట్టి రెండు మూడు నిమిషాలు ఆగాక. వెంట్రుక ఎండినప్పుడు తీగలా ఉంటుంది, నీళ్లు తాగాకే మెత్తబడుతుంది. 2020లో ఎంఐటీ పరిశోధకులు సైన్స్ పత్రికలో దీనికి దగ్గర సంగతే చూపించారు. ఉక్కుకన్నా ఎన్నోరెట్లు మెత్తనైన వెంట్రుక బ్లేడు అంచుని పెచ్చులూడగొట్టగలదు, అదీ వెంట్రుక వంగి పక్కనుంచి ఒత్తిడి పెట్టినప్పుడు. గడ్డం కత్తిని తినదని నేను అనను. తడిసిన వెంట్రుక, బిగువుగా లాగిన చర్మం ఉంటే తక్కువ తింటుంది. పడమటి దేశాల్లో వారానికి ఏడు కత్తులు, ఒక్కోదాని మీద ఒక్కో వారం పేరు చెక్కి పెట్టె కట్టి అమ్మేవారు. కత్తికి మధ్యలో విశ్రాంతి ఉంటే అంచు బాగుంటుందని వాళ్ల నమ్మకం. మన సెలూన్లకి మంగళవారం సెలవు ఉండనే ఉంది, మీ కత్తికీ ఇవ్వండి.

ముందురోజు పొడి చెంప మీద చెయ్యి నాలుగు దిక్కులా రాసి ఎటు గరుకుగా, ఎటు నున్నగా ఉందో చూసుకోండి. నున్నగా ఉన్న దిక్కే వెంట్రుక వాలు. గొంతు దగ్గర అది పక్కకో పైకో తిరిగి ఉంటుంది, మనిషి మనిషికీ తేడా. మొదటి వారం రెండు చెంపలే, చెవి పక్క నుంచి దవడ దాకా, వాలు వెంబడి. మిగతా గడ్డం పాత రేజరుతోనే. రెండో వారం దవడ కింద. మూడో వారం గొంతు. గడ్డం బుడిపె, పైపెదవి ఆఖరున.

కత్తి పట్టుకునేది పిడితో కాదు. మూడు వేళ్లు తోక మొదలు మీద, బొటనవేలు కింద, చిటికెనవేలు వెనక్కి తిరిగిన తోక కొస మీద. పిడి తన దారిన పైకి లేచి ఉంటుంది. రెండో చెయ్యి తల మీదుగా వచ్చి చెవి పక్క చర్మాన్ని పైకి లాగుతుంది. వేళ్లు జారుతుంటే కాస్త పటిక తడిపి రాసుకోండి, పట్టు దొరుకుతుంది. వరదనీళ్లు తేరడానికి బిందెలో తిప్పే పటికే అది. అయితే పటిక నీళ్లకి ఆమ్లగుణం ఉంది, ఆ వేళ్లతో కత్తిని ముట్టుకుంటే తుడిచేయాలి.

కత్తిని మొదట చెంప మీద బల్లపరుపుగా ఆనించండి. ఇప్పుడు వెన్నుని లేపండి, దాని కింద ఒక పెన్సిలు పట్టేంత సందు వచ్చేదాకా. అంతే, అదే దాదాపు 30 డిగ్రీలు. ఆ సందు చెడకుండా రెండు మూడు సెంటీమీటర్లు కిందికి జరపండి, ఎత్తండి, మళ్లీ. సందు పెరిగితే గీరుతుంది, తగ్గితే వెంట్రుకని లాగుతుంది. వాదర పొడుగునా పక్కకి జరపడం ఒక్కటే చేయకూడని పని. టమాటా కోసేది అలాగే, చెంప తెగేదీ అలాగే. పీకుతున్నట్టుంటే ఒత్తకండి. పదును తగ్గిన కత్తిని ఒత్తడమే మంటకి కారణం. ఆపి, తుడిచి, తోలు మీద ఇంకో ఇరవై లాగండి.

అప్పటికీ పీకుతుంటే వాదరని పైకి తిప్పి దీపం కింద పట్టుకుని మెల్లగా ఊపండి. మంచి అంచు వెలుగుని వెనక్కి పంపదు, నల్లటి గీతలా ఉంటుంది. ఎక్కడైనా తెల్లటి చుక్క మెరిసిందంటే అక్కడ అంచు విరిగిందో మొద్దుబారిందో. చుక్కలు లేకుండా పదును మాత్రమే మెత్తబడితే అర మైక్రాన్ క్రోమియం ఆక్సైడు పూసిన వేరే తోలు ముక్క మీద పది సార్లు చాలు. దానికి హార్డ్‌వేర్ కొట్లో దొరికే పచ్చ పాలిష్ ముద్ద వద్దు, అందులో గరుకు రేణువులు కలుస్తాయి. అది కూడా చాలకపోతే 12000 గ్రిట్ (నంబరు పెరిగేకొద్దీ రాయి నున్నన) రాయి మీద, నీళ్లతో, ఈసారి వాదర ముందుగా, పది పదిహేను సార్లు. వెన్ను రాయిని వదలకూడదు. రాయి మధ్యలో గుంటపడిందేమో ముందు చూసుకోండి. పైన పెన్సిలుతో గళ్లు గీసి, అద్దం మీద పరిచిన 400 నంబరు, తడిపి వాడే గరుకు కాగితం మీద రుద్దితే గళ్లన్నీ సమానంగా చెరగాలి. 1000 నుంచి 4000, 8000 మీదుగా పైదాకా నూరే అసలు పని మొదటి ఏడాది నెత్తినేసుకోవద్దు. తెలిసినవాళ్లకి పంపండి. తెల్లచుక్కల కత్తి ఎలాగూ వాళ్ల దగ్గరికే పోవాలి.

వానాకాలంలో పట్టాకి బూజు పడుతుంది. పొడిగుడ్డతో తుడిచి గాలి తగిలేచోట వేలాడదీయండి. ఎండలో వేస్తే తోలు పెళుసెక్కుతుంది, కొబ్బరినూనె రాస్తే మెత్తబడి సాగుతుంది. రోజూ లాగేముందు ఒట్టి అరచేత్తో నాలుగుసార్లు రాస్తే, చేతి జిడ్డే దానికి చాలినంత మందు.

ఆఖరున, మన దగ్గర కత్తులకి ఏటేటా వచ్చే పెద్ద గండం ఒకటుంది. కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు 41 రోజులు గడ్డం ముట్టరు. కత్తి గూట్లోనే ఉండిపోతుంది. మాల వేసుకునే ముందురోజే కత్తిని బాగా ఆరబెట్టి, కుట్టుమిషను నూనె పూసి, రివెట్‌లో చుక్క వేసి, డబ్బాలో పెట్టేయండి. శబరిమల నుంచి వచ్చి మాల తీశాక సబ్బునీళ్లతో నూనె కడిగి, నవారు మీద 30, తోలు మీద 60 లాగండి. ఆరు వారాల గడ్డం మీద నేరుగా కత్తి పెట్టకండి. ముందు కత్తెరతోనో ట్రిమ్మరుతోనో పొట్టిగా కత్తిరించి, అయిదు నిమిషాలు తడిపి, ఆ రోజుకి చెంపలు మాత్రం గీసుకోండి. గొంతు మర్నాడు చూసుకోవచ్చు.